అత్తమ్మ పీల్చే గాలి

మాచర్ల,
శివరాత్రి వెళ్ళిన వారం.

తమ్ముడు త్రికోటేశ్వరరావుకు,

నీ తోడల్లుడు చెన్నకేశవులు దీవించి రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. మీ వదిన నిర్మల క్షేమం. నా సంగతి ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది.

నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ నేను పలకకుండా మీ వదిన చేతికిస్తున్నానని రేవతి నొచ్చుకుందట. నా మరదలికి చెప్పు, కోపం కాదు. సెల్లు చెవి దగ్గర పెడితే చెవి మిషను నడికుడి జంక్షన్లో ఇంజనులాగా కూత పెడుతుంది. ఉత్తరమైతే కూయదు. పైగా మధ్యలో అడ్డు తగలడానికి నీకు వీలుండదు.

విషయానికొస్తాను. మన అత్తగారు కొండమ్మగారిని వెల్దుర్తి నుంచి మీ నరసరావుపేట ఆయాసం డాక్టరు దగ్గరికి నెలనెలా తీసుకెళ్ళేది ఎవరు? మామగారు పోయినప్పటి నుంచీ నేనే. కొడుకులు లేని మనిషి, ఉన్నది మన భార్యలిద్దరే, పెద్దల్లుడిని నేను. ఆ దారిలో ఉన్న గుంటలు నా తెల్ల కారుకు పేరుపేరునా తెలుసు. ఇప్పుడు నువ్వు కరెంటు డిపార్టుమెంటులో ఇంజనీరుగా రిటైరై కొత్త కారు కొన్నావు. సంతోషం. కొన్నవాడివి నీడపట్టున పెట్టుకోక, నాకు మాట మాత్రం చెప్పకుండా వెల్దుర్తి వెళ్ళి అత్తమ్మను ఎక్కించుకుపోయావు. మాచర్ల మీదుగానే పోయావు. మా వీధి మొగలో ఆగలేదు. ఎందుకాగలేదని మీ వదిన అడిగితే, తలుపు తీస్తే మిరపకాయల ఘాటు లోపలికొస్తుందని అన్నావట. మా వీధిలో మిరపకాయలు ఆరబోసింది ఎవరయ్యా?

మొన్న వెల్దుర్తి వెళ్ళి అత్తమ్మను పలకరించాను.

"ఏందత్తమ్మా, ఆయాసం ఎట్టుంది?"

"చిన్నల్లుడి కారెక్కినాక ఆయాసం యాడిదయ్యా! రోడ్డుకి రెండు పక్కలా కల్లాలే, ఎర్రంగా మిరపకాయలే. అయినా ఒక్క దగ్గు రాలా. నీ కారులోనయితే మాచర్ల చేరేలోపల పేగులు నోట్లోకొచ్చేయి."

ఈ మాట నాతో చాటుగా అన్నా పడేవాడిని. చుట్టుపక్కల అమ్మలక్కలు నలుగురూ కూర్చుని పప్పు చెరుగుతున్నారు. అందరి చేటలూ ఒక్కసారి ఆగాయి.

గాలి సంగతి నాకు కొత్త కాదు. మా నాయన కల్లంలో తూర్పారబట్టేటప్పుడు గాలి పడిపోతే, చేట పట్టుకుని నిలబడి "రావే తల్లీ, రావే" అని పిలిచేవాడు. వచ్చేది. కానీ ఒక్కోసారి మమ్మల్ని దాటి పక్క కల్లానికి వెళ్ళేది. ఆ పక్క కల్లం వాళ్ళతో మా నాయనకు చివరిదాకా మాటల్లేవు. వాళ్ళు చేసిన తప్పేమిటో వాళ్ళకు ఎప్పటికీ తెలియలేదు. ఇది ఎందుకు రాశానంటే, ఊరికే, గాలి గురించి గనక.

అడిగేది ఒక్కటే. నీ కారులోకి గాలి ఎటునుంచి వస్తోంది? ఘాటు ఎందుకు రావడం లేదు? నేను బడిలో పెద్దగా చదవలేదు గానీ, ఎరువుల కొట్లో యూరియా బస్తా మీద కూర్చుని దొరికిన కాగితమల్లా చదివినవాడిని. నీ కారు పుస్తకంలో ఉన్నది తెలుగులో రాసి పంపితే అర్థం చేసుకోగలను.

చెన్నకేశవులు

నరసరావుపేట,
మార్చి మొదటి వారం.

గౌరవనీయులైన అన్నయ్యగారికి,

త్రికోటేశ్వరరావు నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మీ వీధిలో ఆగకపోవడం పొరపాటే. రేవతి అప్పుడే చెప్పింది, నేను వినలేదు.

మీరు అడిగిన విషయం. ముందు అద్దం కింద, వైపర్లు పడుకునే చోట నల్లటి జాలీ ఉంటుంది. బయటి గాలి కారులోకి దిగేది అక్కడే. బండి పరిగెడుతుంటే అద్దానికి కొట్టుకున్న గాలి ఆ గుంటలో పోగుపడి తనంతట తానే లోపలికి తోసుకొస్తుంది. బండి ఆగి ఉంటే డాష్‌బోర్డు వెనక ఉన్న ఫ్యాను లాగుతుంది. దారిలో మడతల కాగితం ఫిల్టరు ఒకటి దుమ్మును పట్టుకుంటుంది. ఘాటును మాత్రం పూర్తిగా పట్టలేదు. లోపలికొచ్చిన గాలి మన మొహాల మీదుగా తిరిగి, వెనక బంపరు చాటున ఉన్న రబ్బరు రెప్పలను నెట్టుకుని బయటికి పోతుంది. ముందు నుంచి రావాలి, వెనక నుంచి పోవాలి. అది దాని పద్ధతి.

ఒక బొత్తాం ఉంది. దాని మీద కారు బొమ్మ, లోపల వంపు తిరిగిన బాణం. నొక్కితే జాలీ దారికి అడ్డంగా ఒక రెప్ప పడుతుంది. బయటి గాలి ఆగి, లోపలి గాలే తిరుగుతుంది. కల్లాలు కనపడగానే నొక్కుతాను, దాటగానే తీసేస్తాను. అంతే. ఎక్కువసేపు నొక్కి ఉంచితే మన ఊపిరి మనమే పీల్చుకుంటూ తల బరువెక్కుతుంది.

మీ కారులో బొత్తాం బదులు లివరు ఉంటుంది. అది చెడిపోయి రెప్ప తెరుచుకునే ఉండి ఉంటుంది. మెకానిక్ అంజుమ్‌కి చూపించండి. లేకపోతే ఎందుకు మీకీ శ్రమ? ఈ వయసులో అంత దూరం నడపడం మంచిది కాదని రేవతి కూడా అంటోంది. ఇకమీదట ప్రతి నెలా అత్తయ్యగారిని నేనే తీసుకెళతాను. మీరు విశ్రాంతి తీసుకోండి.

మీ తమ్ముడు,
త్రికోటేశ్వరరావు

మాచర్ల,
ఉగాది ముందు.

తమ్ముడూ,

విశ్రాంతి తీసుకోమని రాశావు. నీకన్నా నేను పెద్దవాడినని గుర్తుంచుకున్నందుకు సంతోషం. నువ్వు కళ్ళజోడు లేకుండా నీ కారు తాళం కనుక్కోలేవనే సంగతి నేను ఎవరికీ చెప్పడం లేదు.

నీ బొత్తాం రహస్యం చదివాను. దీనికా ఇంత! బయటి గాలి రాకూడదు, అంతే కదా. నా లివరు ఎటు జరిపినా కదలదన్నది నిజమే. అంజుమ్ దగ్గరికి వెళితే మూడు రోజులు బండి విప్పి పెట్టుకుంటాడు, దానికి తోడు నవ్వుతాడు. అందుకని నేనే చేశాను. అత్తమ్మ చేలో ఏరిన పత్తి మా ఇంట్లో దిండ్లు కుట్టించగా కొంత మిగిలింది. వైపర్ల కింద జాలీలో ఆ పత్తి కూరాను. చీపురుపుల్లతో పొడిచి పొడిచి కూరాను. పైన వెడల్పాటి టేపు అంటించాను. మీ వదిన చూసి "కారుకి ముక్కులో దూది పెట్టారేందండీ, పాడు!" అని లోపలికి పోయింది. ఆడవాళ్ళకు శాస్త్రం తెలియదు.

నువ్వు శనివారం వస్తానన్నావని తెలిసి నేను శుక్రవారమే వెల్దుర్తి వెళ్ళాను. అద్దాలన్నీ ఎత్తేశాను. నా ఏసీ చల్లగా ఉండదు గానీ చప్పుడు చేస్తుంది, ఉందని తెలుస్తుంది. కల్లాల మధ్య నుంచి పోయాం. అటొక ఎర్రసముద్రం, ఇటొక ఎర్రసముద్రం. కూలీలు మూతికి గుడ్డలు కట్టుకుని కాయలు తొక్కుతున్నారు. నేను అద్దంలోంచి అత్తమ్మ వంకే చూస్తున్నాను. ఒక్క దగ్గు! అబ్బే, ఒక్క దగ్గు లేదు.

"ఎట్టుందత్తమ్మా పెద్దల్లుడి కారు?" అన్నాను.

"బానే ఉందయ్యా, ఘాటు లేదు" అంది.

అమ్మలక్కలు వెంట లేకపోవడం నాకు తీరని లోటు.

నరసరావుపేటలో డాక్టరుకు చూపించాను. మీ ఇంటికి రాలేదు. తలుపులు తీస్తే ఏదన్నా లోపలికొస్తుందేమోనని ఆగలేదు.

తిరుగు దారిలో అత్తమ్మ కాస్త కునుకు తీసింది. పెద్దవయసు, ఎండ. నాకూ తల కొంచెం దిమ్మెక్కింది, పొద్దున మీ వదిన చేసిన ఉప్మా పడలేదనుకుంటాను. మొత్తానికి ప్రయాణం దివ్యంగా జరిగింది. వచ్చే నెల కూడా నేనే తీసుకెళతాను. నువ్వు విశ్రాంతి తీసుకో.

చెన్నకేశవులు

నరసరావుపేట,
ఏప్రిల్.

అన్నయ్యా,

మర్యాదలు తర్వాత. ముందు ఆ పత్తి తీసేయండి. ఈ ఉత్తరం చదవడం ఆపి, లేచి వెళ్ళి తీసి, వచ్చి తర్వాతది చదవండి. ఫోనులో చెబితే మీరు వినరు కాబట్టి వదినగారికి కూడా ఈ మాటే చెప్పాను. కారు తాళం ఆవిడ బీరువాలో పెట్టినట్టు రేవతి చెప్పింది. మంచి పని చేశారు.

ప్రయాణం దివ్యంగా జరిగిందని రాశారు. జరిగింది ఏమిటో వదినగారు రేవతితో ఏడుస్తూ చెప్పారు. గురజాల దాటాక అత్తయ్యగారు వాంతి చేసుకున్నారు. తల పగిలిపోతోందన్నారు. మీకు కళ్ళు బైర్లు కమ్మి, ఎడమ చక్రం రోడ్డు దిగిపోయింది. పొలం గట్టు అడ్డం లేకపోతే ఏమయ్యేదో. గొర్రెలు కాసుకునే వాళ్ళు తలుపులు లాగి మిమ్మల్ని ఇద్దరినీ బయట కూర్చోబెట్టారు. బయటికొచ్చి గాలి తగిలాక గానీ అత్తయ్యగారు మిమ్మల్ని సరిగా గుర్తుపట్టలేదట. ఇది ఉప్మా వల్ల కాదు.

మీరు ముందు దారి మూసేశారు. ఫ్యానుకు లాగడానికి గాలి లేదు. కానీ కారు ఎక్కడో ఒకచోట నుంచి గాలి తెచ్చుకుంటుంది. బండి పరిగెడుతుంటే దాని వెనకాల గాలి సుడి తిరుగుతుంది, సైలెన్సరు పొగ ఆ సుడిలోనే ఉంటుంది. మీ డిక్కీ తలుపు రబ్బరు ఎప్పుడో పోయింది, రెప్పలూ వంకర పోయి ఉంటాయి. ముందు నుంచి గాలి తోసుకొస్తున్నంత కాలం ఆ పొగ లోపలికి రాలేదు. మీరు అది ఆపారు, పొగ వెనక నుంచి వచ్చింది. అందులోని విషవాయువుకు ఘాటూ వాసనా ఉండవు, అందుకే దగ్గు రాలేదు. దగ్గు రాలేదని మీరు మురిసిపోయారు. మిరపకాయ నయం అన్నయ్యా, అది ఉన్నదని చెబుతుంది.

ఇంకొక సంగతి. రాయకూడదనుకున్నాను. నా కారులో అత్తయ్యగారు హాయిగా నిద్రపోతారని మీరు అనుకుంటున్నారేమో. నిద్రపోరు. దారి పొడుగునా మీ గురించే. "ఈ మలుపు కాడికొస్తే పెద్దల్లుడు ఆ దొంగసాయెబు కోడి కత చెప్పేవాడు. చెప్పవయ్యా నువ్వు!" నాకు ఆ కథ రాదు. తెలిసినట్టు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. "నువ్వేందయ్యా, మాటామంతీ లేకుండా కరెంటు స్తంభంలాగా!" అన్నారు. ముప్పై ఏళ్ళు స్తంభాలు పాతిన వాడిని, ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మీ వీధి మొగలో ఆగకపోవడానికి కారణం మిరపకాయలు కాదు. ఆగితే ఆవిడ దిగి మీ కారులోకి మారతారని.

త్రికోటేశ్వరరావు

మాచర్ల,
మే, ఎండల్లో.

తమ్ముడూ,

నీ ఉత్తరం చదవడం మధ్యలో ఆపలేదు. పత్తి అప్పటికే తీయించాను. అంజుమ్ పట్టకారుతో ఒక్కొక్క పీచే లాగాడు. "ఏంది పెద్దాయనా, కారుకి పరుపు కుట్టిద్దామనుకున్నావా?" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వాడు డిక్కీ తలుపు రబ్బరు వేలితో నొక్కి చూసి, నవ్వు ఆపి, నా మొహం వంక చూశాడు. నేను పక్కనున్న టైరు మీద కూర్చున్నాను.

అత్తమ్మ బాగుంది. నేను వెళ్ళి పలకరించాను. కోపంగా ఉంటుందనుకున్నాను. మజ్జిగ ఇచ్చింది. తాగి, వచ్చే నెల సంగతి కదిలించాను. రబ్బరు కొత్తది వేయించాననీ, లివరు బాగు చేయించాననీ చెప్పాను.

"నాకు మీ ఇద్దరి కార్లూ వొద్దయ్యా."

"చిన్నల్లుడిదైనా..."

"ఆయనదీ వొద్దు. మీరిద్దరూ నన్ను పోటీ పెట్టుకుని తిప్పతన్నారు. నేనేమన్నా కోడిపుంజునా? ఒకడు శుక్రారం వస్తాడు, ఒకడు శనారం వస్తాడు. బస్టాండు కాడ ఫర్హీన్ ఆటో ఉండాది. మాచర్ల దాకా ఆ పిల్ల దింపుద్ది. ఆడ రైలెక్కి, మధ్యలో బండి మారితే నరసరావుపేట."

"ఆటోకి తలుపులే లేవత్తమ్మా! కల్లాల్లో ఘాటు!"

"మొన్న ఎక్కినప్పుడు కొంగు ముక్కుకడ్డం పెట్టుకోమంది. పెట్టుకున్నా. అయిపాయె."

కొంగు! మనం ఇద్దరం కలిసి జాలీలూ రెప్పలూ బొత్తాలూ అని ఉత్తరాలు రాసుకున్నాం.

ఆ ఫర్హీన్ ఎవరని నీకు సందేహం రావచ్చు. ముప్పై దాటని మనిషి. భర్త కోసం కొన్న ఆటోను, అతనికి నడపడం రాక, తాను నడుపుతోంది. అందరినీ వరసపెట్టి పిలుస్తుంది. అత్తమ్మను అమ్మమ్మా అంటుంది. నన్ను తాతా అంది, అది నాకు నచ్చలేదు. దారిలో టీవీ సీరియలు కథ చెబుతుందట. ఎక్కినప్పుడల్లా ఒక ముక్క చెప్పి మిగతాది తర్వాతంటుందట. "ఆ పిల్ల కత చెబితే నిమ్మళంగా ఉంటదయ్యా" అంది అత్తమ్మ. నేను దొంగసాయెబు కోడి కథ ఒక్కసారిగా మొత్తం చెప్పేస్తూ వచ్చాను. ఎంత అవివేకం.

నువ్వు అసూయపడ్డానని రాసినంత పని చేశావు. నేను పడలేదని రాస్తే నువ్వు నమ్మవు. మీ వదిన ఈ ఉత్తరం భుజం మీదుగా చదువుతూ ముసిముసిగా నవ్వుతోంది గనక ఆ విషయం వదిలేస్తున్నాను.

చెన్నకేశవులు

నరసరావుపేట,
జూన్, తొలకరి.

అన్నయ్యగారికి,

అత్తయ్యగారు రైలు దిగారు. మీరు కిటికీ సీటు మీద తువ్వాలు వేసి పట్టారట కదా. స్టేషను నుంచి డాక్టరు దగ్గరికి నా కారులో ఎక్కమన్నాను. నాలుగడుగులకి కారేంది, రిక్షా పిలువన్నారు. కారు స్టేషను బయట వానలో నిలబెట్టి, నేను రిక్షాలో ఆవిడ పక్కన కూర్చున్నాను. తడిశాను.

డాక్టరు చూసి ఊపిరి బాగుందన్నాడు. ఏం వాడుతున్నారని అడిగితే అత్తయ్యగారు "కిటికీ" అన్నారు.

దిగిన దగ్గర నుంచీ తనలో తానే నవ్వుకుంటున్నారు. ఏమిటని అడిగితే "అది మాచర్ల సంగతిలే" అన్నారు. ప్లాట్‌ఫాం మీద ఏం చెప్పారు మీరు? అన్నయ్యగారూ, ఇది న్యాయం కాదు. మీకు రైలు కదిలే వరకూ తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పే వీలుంది, మాచర్లలోనే బయల్దేరే బండి గనక ఎంతసేపైనా నిలబడి ఉంటుంది. నరసరావుపేటలో నాకు దక్కేది సంచీ అందుకుని గబగబా దించుకోవడమే. అందుకని ఒక మాట. వచ్చే నెల మనం మారదాం. నేను ముందు రోజే మాచర్ల వచ్చి మీ ఇంట్లో ఉండి ఎక్కిస్తాను. మీరు ఇక్కడికొచ్చి దించుకోండి. ఆ కోడి కథ కూడా నాకు రాసి పంపితే మంచిది.

మీ త్రికోటేశ్వరరావు

మాచర్ల,
జూలై.

తమ్ముడూ,

ఉత్తరం ఆలస్యమైంది. ఆలోచించడానికి సమయం పట్టింది.

మా ఇంటికి వచ్చి ఉండు. ఎన్ని రోజులైనా ఉండు. మీ వదిన గోంగూర పచ్చడి నూరి పెడుతుంది. కానీ మారడం కుదరదు. ఎక్కించడం పెద్దల్లుడి పని. కోడి కథ కాగితం మీద పెట్టడానికి వీల్లేనిది, మధ్యలో కోడిలాగా కూయాలి. కాగితం కూయదు.

మొన్న జరిగింది రాస్తాను. వాన వెలిసింది. బండి ఖాళీగా ఉంది. ఫర్హీన్ అత్తమ్మను చేయి పట్టుకుని ఎక్కించి, మిగతా సీరియలు వచ్చినాక చెబుతానని వెళ్ళిపోయింది. నేను కింద కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఎదురు సీట్లో రెంటచింతలకు పోయే ఒకావిడ, కబుర్ల మనిషిలాగే ఉంది.

"మీ అబ్బాయా అమ్మా?" అని నన్ను చూపించి అడిగింది.

"పెద్దల్లుడు."

"కొడుకులు లేరా?"

అత్తమ్మ కిటికీలోంచి వచ్చే గాలికి మొహం పెట్టింది.

"ఎందుకు లేరమ్మా" అంది. "ఒకడు ఇక్కడ ఎక్కిస్తాడు, ఒకడు అక్కడ దించుకుంటాడు."

బండి కదిలింది. నేను కమ్మీ వదలకుండా ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచాను. వదలమని గార్డు అరిచాడు. చెవి మిషను ఇంట్లో మర్చిపోయినవాడినైనా ఆవిడ మాట మాత్రం స్పష్టంగా విన్నాను. నీకు తెలియాలని ఉన్నది ఉన్నట్టు రాశాను, ఒక్క ముక్క కలపలేదు.

ఎక్కించేవాడి సంగతి ముందు చెప్పింది. నువ్వు రెండోవాడివి.

చెన్నకేశవులు